పోటు లెక్క

తొమ్మిదింటికి బడి వరండాలో బల్ల వేశాను.
బల్ల మీద పట్టీ, మిషను, పేర్ల పుస్తకం,
గాలికి ఎగరకుండా పుస్తకం మీద ఒక గవ్వ.
పదయింది. పదిన్నరయింది.
ఒక మేక వచ్చి చూసి పోయింది.

ఊళ్ళో ఆడవాళ్ళెవరూ లేరు.
సముద్రం కిలోమీటరు వెనక్కి జరిగితే
ఆ ఖాళీలోకి పని వెళ్తుంది ఇక్కడ.
జిల్లా ఆఫీసు క్యాలెండరులో సెలవులన్నీ ఉన్నాయి గానీ
చంద్రుడు లేడు.

చెప్పులు బల్ల కిందే వదిలి
మిషనును బేసినులో, బేసినును నెత్తిమీద పెట్టుకుని
ఉంగుజా తూర్పు తీరాన నీళ్ళలోకి నడిచాను,
నల్లటి ముళ్ళకాయల మీద కాలు పడకుండా
సందు చూసుకుంటూ.

దూరంగా వంగిన వీపులు.
పాతిన కర్రలు, కర్రకీ కర్రకీ తాడు,
తాడు పొడుగునా ముళ్ళు, ముడికో నాచు రెమ్మ.
బి మ్వానకోంబో తలెత్తకుండానే అడిగింది:
"ఈసారి దేనికి? కడుపులకా, దోమలకా?"
"ప్రెషాకి" అన్నాను.

ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి,
మాట్లాడకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు.
చెప్పడం ఆలస్యం, నీళ్ళ పొడవునా నవ్వులు.
"మా ఆయన పోయినప్పుడు కూడా
ఐదు నిమిషాలు కూర్చోలేదు తల్లీ" అంది బి కిదావా.

ఇసుకలో ఒరిగిన పడవ అంచు మీద
ఒక్కొక్కరినీ కూర్చోబెట్టాను.
తడి చెయ్యి, ఆరుతూ తెల్లటి పొడి రాలే చెయ్యి.
పట్టీ బిగుసుకుంటుంటే లోపల
ఉప్పు గరగరలాడింది.

"ఉప్పు తగ్గించు" అన్నాను, నోటి అలవాటు.
మోకాళ్ళ దాకా ఉప్పులో బతికే మనిషి
నన్నొకసారి, సముద్రాన్నొకసారి చూసింది.
"ముందు దానికి చెప్పు."

మ్వానకోంబోకి
నూట ఎనభై ఆరు, కింద నూట పన్నెండు.
రెండో చేతికి చుట్టాను.
నూట ఎనభై నాలుగు.
"నొప్పేం లేదే?"
లేదు. దీని దొంగబుద్ధే అది.
కత్తిపోటైతే నెత్తురు వీధిలోకొచ్చి చాటింపేస్తుంది.
ఈ పోటు ఇంట్లోనే తిని, ఇంట్లోనే పడుకుని
గోడల్ని లోపల్నించి నెడుతుంది.

ఎలా చెప్పను?
నీళ్ళు చూపించాను.
పై అంకె పోటు, కింది అంకె ఆటు.
నీ లోపలి సముద్రం
వెనక్కి పోవడం మరిచిపోతోంది.

అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.
ఆటు లేకపోతే పని లేదని
వాళ్ళకి నేను చెప్పేదేముంది!
చీటీ రాసిచ్చాను. కాంగా కొంగున ముడేసుకుంది.
అప్పటికే నీళ్ళు పిక్కలు దాటాయి,
తాడు ఇంకా సగం మిగిలే ఉంది.
మళ్ళీ వంగింది.

తర్వాతి నెల తేదీలు నేనే మార్చాను.
చంద్రుడు సగమై ఉండే రోజులకు.
చచ్చిన నీళ్ళంటారు వాళ్ళు వాటిని:
సముద్రం దూరం పోదు, పనీ సాగదు.
మార్పుకు కారణం రాయమన్న గడిలో
"చంద్రుడు" అని రాశాను.
ఫోను చేసి తిట్టారు.

ఈసారి వరండా కింది దాకా వరస.
మ్వానకోంబో నాచు తాడు ముక్కొకటి
బల్ల మీద పరిచింది,
వేసుకున్న ప్రతి మాత్రకీ ఒక ముడి.
వేళ్ళతో తడిమి లెక్కపెట్టాను: ఇరవై రెండు.

"మిగతా ఎనిమిది?"
"అయిపోయాయన్నారు. వచ్చే వారం రమ్మన్నారు."
"వెళ్తావా?"
"వచ్చే వారం పున్నమి పోట్లు."

నూట యాభై ఎనిమిది.
దిగింది. ఇంకా దిగాలి.
పుస్తకంలో ఎక్కించాను.
ఎంతమందికి చూశారు, ఎంతమందికి ఉంది, ఎంతమందిని పంపారు,
అన్నిటికీ గడులున్నాయి.
పంపినచోట ఏమీ లేదని రాయడానికి
ఎక్కడా గడి లేదు.

తాడు నా దగ్గరే వదిలి వెళ్ళింది.
నెలాఖరున, నివేదిక మడిచి కవరులో పెడుతూ
దాన్నీ లోపల పెట్టాను,
ముడి పడని కొస
బయటికి కనిపించేలా.